ఆనవాలు

కాళిదాసు తన నాటకమునకు శకుంతల పేరొక్కటే పెట్టి ఊరకుండలేదు. ‘అభిజ్ఞానశాకుంతలము’ అని పేరు పెట్టినాడు. అభిజ్ఞానమనగా ఆనవాలు. దుర్వాసుని శాపమువలన దుష్యంతుడు శకుంతలను మరచిపోయినాడు. నిండు కొలువులో నిలిచి ఆమె తానెవరో చెప్పినది. జరిగిన వివాహమును జ్ఞాపకము చేసినది. వెంటవచ్చిన ఆశ్రమవాసులును ఆమె పక్షమున మాటాడినారు. అన్నియు ఉన్నవి, వ్రేలికి ఉంగరము మాత్రము లేదు. అది శచీతీర్థమున నీటిలో జారిపోయినది. ఒక జాలరికి చేపకడుపులో అది దొరకువరకు ఆమె మాటకు కొలువులో విలువ కలుగలేదు.

విశాఖదత్తుని ముద్రారాక్షసమున కథ దీనికి తలక్రిందులుగా నడచినది. అక్కడ ఉంగరము నీటిపాలు కాలేదు; పరుల చేత చిక్కినది. రాక్షసమంత్రి ముద్రిక చాణక్యుని చేతికి వచ్చినంతనే, రాక్షసుడు ఎరుగని లేఖ రాక్షసుని లేఖగా చెల్లినది. వ్రాయించినవాడు వేరు, ముద్ర ఎవరిదో వాడు వేరు. అయినను లోకము ముద్రనే నమ్మినది.

ఈ రెండు నాటకములును రెండు భయములను చూపుచున్నవి. మనిషి నిజమైనవాడే, కాని ఆనవాలు లేదు అనునది మొదటిది. ఆనవాలు నిజమైనదే, కాని మనిషి వేరు అనునది రెండవది. ప్రజలను గుర్తించుటకు పూనుకొన్న ప్రతి ప్రభుత్వమును ఈ రెండు భయముల నడుమనే దారి వెదకుకొన్నది. రెండవ భయము ప్రభుత్వముల నిద్రను చెరచినది; మొదటిది సామాన్యుల బ్రతుకులను చెరచినది. ఆధార్ సంఖ్యకై కాగితముల సంచి పట్టుకొని వరుసలో నిలిచిన మనిషి కథ ఈ పాతకథకు కడపటి అధ్యాయమే కాని క్రొత్త కథ కాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి ఒకడు కనబడును. ఒక మాషము రుసుము పుచ్చుకొని ముద్ర ఇచ్చుట అతని పని. ముద్ర గలవాడే జనపదమున ప్రవేశింపవలెను, వెడలవలెను. ముద్ర లేని జానపదునకు పన్నెండు పణముల దండుగ, దొంగముద్రకు పూర్వసాహసదండము, పరదేశీయుడు ఆ నేరము చేసినచో ఉత్తమసాహసదండము. గోపుడను మరియొక అధికారి పది, ఇరువది, నలువది ఇండ్లకొక్కడుగా ఉండి అందలి స్త్రీపురుషుల జాతి, గోత్రము, పేరు, వృత్తి, ఆదాయవ్యయములు తెలిసికొని యుండవలెను. రుసుము, అనుమతిపత్రము, దొంగపత్రమునకు శిక్ష, ఇంటింటి లెక్క — నేటి కార్యాలయములు చేయు పనులలో పెక్కింటికి పేర్లు అప్పుడే ఏర్పడినవి.

మధ్యయుగమున ఆనవాలు కాగితమునుండి మనిషి మేనిమీదికి దిగినది. సిపాయిలు తనిఖీనాడు అరువు గుర్రములను తెచ్చి చూపి, జీతము పుచ్చుకొని, మరునాడు వానిని తిప్పి పంపుచుండిరి. ఈ మోసమును ఆపుటకు అల్లాఉద్దీను ఖిల్జీ గుర్రములకు వాతలు వేయించి, సిపాయిల హులియా వ్రాయించినాడు. అక్బరు ఈ పద్ధతిని తిరిగి నెలకొల్పినాడు. వాతను దాగ్ అనిరి. మనిషి వర్ణన గల పట్టికను చెహరా అనిరి. పేరు, తండ్రిపేరు, తెగ, మేనిఛాయ, కనుబొమలు, మచ్చలు ఒక్కొక్కటిగా ఆ పట్టికకు ఎక్కినవి. ఆ పట్టిక నేటికిని పూర్తిగా చెరిగిపోలేదు. తెలుగునాట పదవతరగతి ఉత్తీర్ణతాపత్రము తీసి చూచినవారికి విద్యార్థి పుట్టుమచ్చల వివరము అందు కనబడును. మెడమీది మచ్చయు, మోచేతిక్రింది మచ్చయు బడిపంతులు కలముతో పత్రమునకు ఎక్కిన నాడు మొగలుల చెహరానవీసు పనియే మరల జరిగినది.

వ్రేలిముద్ర కథ ఇంకను ఆశ్చర్యకరమైనది. 1858 జూలై నెలలో వంగదేశమున జంగీపురమునందు విలియం హెర్షెల్ అను యువకాధికారి బాటలు వేయుటకు గుట్టరాయి సరఫరా చేయు ఒడంబడికను రాజ్యధర్ కోనాయ్ అను వానితో కుదుర్చుకొన్నాడు. తరువాత అతడు తన సంతకమును కాదనకుండుటకై, అతని అరచేతికి సిరా పూసి ఒడంబడిక వెనుక అచ్చు తీసికొన్నాడు. అది శాస్త్రజ్ఞానముతో చేసిన పని కాదు, భయపెట్టుటకు చేసినది. కాని హెర్షెల్ ఆ ఆలోచనను విడువలేదు. తన ముద్రలను, మిత్రుల ముద్రలను ఏండ్ల తరబడి తీసి పోల్చి, అవి వయస్సుతో మారవని కనుగొన్నాడు. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉండి పింఛనుదారులచేతను, దస్తావేజులు రిజిస్టరు చేయించుకొను వారిచేతను వ్రేలిముద్రలు వేయించినాడు. చనిపోయినవాని పింఛను బ్రతికియున్నవాడు తినకుండ చూచుట, వ్రాసి ఇచ్చినవాడు వ్రాయలేదనకుండ చూచుట అతని ఉద్దేశ్యములు. నేడు వేలికొనను యంత్రముపై ఉంచి బియ్యము పుచ్చుకొను పద్ధతికి మూలము ఆ హుగ్లీ కచేరీలోనే ఉన్నది.

ముద్రలు తీయుట సులభము. వేలకొలది ముద్రలలో ఒకదానిని వెదకి పట్టుకొనుట కష్టము. ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో గ్రంథము వ్రాసి ముద్రల రూపభేదములను వివరించినాడు. ఆ భేదములను అనుసరించి కాగితములను అరలలో సర్దు లెక్కను కలకత్తాలో పోలీసు ఉద్యోగియైన అజీజుల్ హక్ సాధించినాడు. ముప్పదిరెండు అడ్డువరుసలు, ముప్పదిరెండు నిలువువరుసలు, మొత్తము 1,024 అరలు. ఏ మనిషి కాగితము ఏ అరలో ఉండునో పది వ్రేళ్ల గీతలే చెప్పును. హేమచంద్ర బోసు ఈ పనిలో అతనికి తోడై, ముద్రల వివరములను తంతివార్తగా పంపు సంకేతపద్ధతిని సమకూర్చినాడు. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. 1901లో ఆ పద్ధతి లండను పోలీసులకు చేరినది. అయితే లోకము దానిని పైయధికారియైన ఎడ్వర్డు హెన్రీ పేరిట హెన్రీ పద్ధతియనియే పిలిచినది. మనుష్యుల గుర్తింపును తప్పులేకుండ చేయు పద్ధతి దానిని నిర్మించినవారినే పేరుతో గుర్తించలేకపోయినది.

అప్పటికే ఈ గుర్తింపు భారతీయ కూలీల వెంట సముద్రములు దాటినది. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి ‘ట్రూరో’ ఓడ నేటాలులోని డర్బను రేవు చేరినది. అందు తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. నేటాలుకు కూలీలను కొనిపోయిన ఓడల పట్టికలలో ఒక్కొక్కనికి ఒక సంఖ్య. ఆ సంఖ్య ప్రక్కన పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, ఊరు, దేహముపై గల గుర్తులు వ్రాసినారు. ఉచ్చారణ తెలియని గుమాస్తాల కలములలో పేర్లు ఎన్నో విధములుగా వంకరపోయినవి. నేడు ఆ సంతతివారు తమ పూర్వుల ఊరు వెదకవలెనన్న ఆ పట్టికలే దిక్కు. లొంగదీయుటకు వ్రాసిన కాగితము నూటయేబది ఏండ్లకు బంధుత్వము తెలుపు కాగితమైనది.

1906లో ట్రాన్స్‌వాలు ప్రభుత్వము ఆసియావాసులపై ఒక శాసనము ప్రతిపాదించినది. వారు పేరు నమోదు చేయించుకొని, పదివ్రేళ్ల ముద్రలిచ్చి, పత్రము పుచ్చుకొని, పోలీసులు అడిగినప్పుడెల్ల చూపవలెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గులోని ఎంపైర్ నాటకశాలలో సభ చేరి దానికి లొంగమని ప్రతిజ్ఞ చేసినారు. సత్యాగ్రహము పుట్టినది ఒక గుర్తింపు పత్రమును నిరాకరించుటతో అని చెప్పవచ్చును. 1908 జనవరి నెలాఖరున స్మట్సుతో రాజీ కుదిరినది. నిర్బంధము తొలగినచో స్వచ్ఛందముగా ముద్రలిచ్చుటకు గాంధీజీ ఒప్పుకొన్నాడు. ఫిబ్రవరి 10న ముద్రలిచ్చుటకు పోవుచుండగా, ఇది ద్రోహమని తలచిన మీర్ ఆలం దారిలో అతనిని గాయపరచినాడు. గాయములతోనే గాంధీజీ ముద్రలిచ్చినాడు. శాసనము రద్దు కాకపోవుటచే ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణమున రెండువేలకు పైగా పత్రములు మంటలో వేసినారు. వ్రేళ్లు అవే, సిరా అదే. కాని బెదరించి తీసికొను ముద్రకును, కోరి ఇచ్చు ముద్రకును గాంధీజీ ఎంచిన భేదము నేటి చర్చలకును కేంద్రమైనది.

1947లో దేశము రెండైనప్పుడు ఆనవాలు లేని జనము లక్షలకొలది సరిహద్దు దాటినది. పశ్చిమపంజాబునుండి వచ్చిన రైతు తనకు అక్కడ ఇన్ని ఎకరములుండెనని చెప్పును. భూమి అక్కడ, పటాలు అక్కడ, కరణమును అక్కడ. ఎక్కువ చెప్పినవానికి ఎక్కువ దక్కినచో నిజము చెప్పినవాడు నష్టపోవును. ఈ చిక్కును తూర్పుపంజాబు అధికారులు ఒక పాతపద్ధతిలో విప్పినారు. ఒక ఊరినుండి వచ్చిన శరణార్థులను ఒకచోట చేర్చి, ఒక్కొక్కని మాటను అందరియెదుట చదివి వినిపించినారు. పొరుగువాని పొలమెంతో పొరుగువాడే ఎరుగును. తరువాత రెండు పంజాబులును భూమిరికార్డులను మార్చుకొన్నవి. అప్పుడు వానితో సరిచూచినారు. ఆనాడు పత్రము రాకముందు ఊరే పత్రముగా నిలిచినది. దుష్యంతుని కొలువులో చాలని సాక్ష్యము ఇచ్చట చాలినది.

దక్షిణమున సముద్రము దాటిన కూలీలకు ఆ భాగ్యము కలుగలేదు. 1948లో సిలోను పౌరసత్వశాసనము చేసినది. ఆ ద్వీపమున పుట్టితినని చెప్పిన చాలదు. తండ్రియైనను అక్కడ పుట్టియుండవలెను, లేదా తాతయు ముత్తాతయు పుట్టియుండవలెను. తేయాకు తోటలలో మూడుతరములుగా కొండలెక్కి ఆకు కోసినవారికి తాత జననమును చూపు కాగితమెక్కడిది? రైలుపట్టాలు వేసినది వారే, తోటలు నాటినది వారే. అవి సాక్ష్యముగా చెల్లలేదు. 1964 అక్టోబరు 30న లాల్‌బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారునాయకల నడుమ ఒప్పందము జరుగునాటికి ఏ దేశమునకు చెందనివారు 9,75,000 మందియని లెక్క తేలినది. 5,25,000 మందిని భారతదేశమును, 3,00,000 మందిని సిలోనును తీసికొనవలెనని నిశ్చయించినారు. తక్కిన లక్షాయేబదివేలమందిని 1974లో సమముగా పంచుకొన్నారు. మిగిలిపోయిన వారికి శ్రీలంకలో పౌరసత్వము లభించినది 2003 శాసనముతో. ఒక పత్రము కొరకు యేబదియైదేండ్లు!

అస్సామున 1951లో తయారైన జాతీయపౌరపట్టికను సవరించు పని 2019 ఆగస్టు 31న తుదిపట్టికగా వెలువడినది. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందే తామో, తమ పెద్దలో అక్కడ ఉండినట్లు చూపవలసియుండెను. దరఖాస్తు పెట్టినవారు 3,30,27,661 మంది; పట్టికకు ఎక్కనివారు 19,06,657 మంది. ఏటేట బ్రహ్మపుత్ర గట్లు కోసికొనిపోవు దేశమది. ఇల్లు పోయినచో పెట్టెయు పోవును. పెట్టెతో కాగితమును పోవును. పదునారేండ్లకు పెండ్లియై మరియొక ఊరు చేరిన బడి ఎరుగని స్త్రీ, తాను తన తండ్రి కూతురనని పత్రముతో చూపుట ఎంత కష్టమో ఆ పరిశీలనలో బయటపడినది.

స్వతంత్రభారతమున పత్రములు ఒకదానిపై ఒకటి పేరుకొన్నవి. రెండవ ప్రపంచయుద్ధకాలపు కరవులో బియ్యము పంచుటకు పుట్టిన రేషన్ కార్డు యుద్ధము ముగిసినను పోలేదు. అది చిరునామాకు సాక్ష్యమైనది. జననమరణముల నమోదుకు దేశమంతటికి ఒకే శాసనము 1969లో వచ్చినది. ఎన్నికల గుర్తింపు కార్డునకు శేషన్ 1993లో పట్టుబట్టినాడు. అయితే వీని పునాది ఎక్కడ ఉన్నది? గ్రామములలో పిల్లవాని పుట్టినతేదీ తరచుగా బడిలో చేర్చుకొన్న పంతులు ఊహించి వ్రాసినది. ఆ తేదీ బడిపత్రమునకు, బడిపత్రము రేషన్ కార్డునకు, రేషన్ కార్డు ఓటరు కార్డునకు, అది మరియొకదానికి ఆధారమైనది. ఒక పత్రము మరియొక పత్రమునకు పూచీపడును. మొదటిదానికి పూచీ ఎవరని అడిగినచో, ఆ వేసవిలో ఒక పంతులు చూపిన దయ అని సమాధానము వచ్చును.

2009 జనవరిలో ప్రణాళికాసంఘము క్రింద విశిష్ట గుర్తింపు ప్రాధికారసంస్థ ఏర్పడినది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బారు జిల్లా టెంభ్లీ గ్రామమున తొలి ఆధార్ సంఖ్యలు ఇచ్చినారు. పన్నెండంకెల సంఖ్య, అందు కడపటి అంకె తక్కిన పదకొండింటిలో పొరపాటు దొరలినదేమో పరీక్షించుటకు చేర్చినది. పదివ్రేళ్ల ముద్రలు, రెండు కనుపాపల చిత్రములు, ముఖచిత్రము పుచ్చుకొందురు. ఒక మనిషికి రెండు సంఖ్యలు పోకుండుటకై క్రొత్తముద్రలను అంతకుముందున్న అన్నింటితో యంత్రము పోల్చి చూచును. అజీజుల్ హక్ వేయి అరలు నేడు నూటముప్పది కోట్లకు పైగా పెరిగినవి.

కాని మేనిముద్ర ఒకడు ఒకడే యని మాత్రము చెప్పగలదు. వాని పేరేమో, ఊరేమో చెప్పలేదు. అందుకు మరల కాగితమే కావలెను. కనుక నమోదు కేంద్రమున గుర్తింపునకు ఒక పత్రము, చిరునామాకు ఒక పత్రము, పుట్టినతేదీకి ఒక పత్రము అడుగుదురు. పుట్టినతేదీని మూడు తరగతులుగా ఎంచినారు — పత్రముతో సరిచూచినది, మనిషి నోట చెప్పినది, ఉజ్జాయింపుగా వేసినది. ఏ పత్రమును లేని నిరుపేదకు పరిచయకర్త అను ఏర్పాటు చేసినారు. అంగీకృతుడైన ఒక వ్యక్తి ‘ఇతనిని నేనెరుగుదును’ అని చెప్పి సంతకము చేసినచో చాలును. పంజాబు శరణార్థుల సభలో నిలిచిన పొరుగువాడు మరల వచ్చినాడన్న మాట. ఎంతో మంచి ఆలోచన. కాని 2015లో సమాచారహక్కు చట్టము క్రింద వచ్చిన జవాబును చూడగా, అప్పటివరకు సంఖ్యలు పొందిన 83.5 కోట్ల మందిలో పరిచయకర్త ద్వారా వచ్చినవారు సుమారు 2.19 లక్షలు మాత్రమే. ఆనవాలు లేనివారికొరకు తెరచిన ద్వారమున ఆనవాళ్లు ఉన్నవారే ప్రవేశించినారు.

2016లో ఆధార్ చట్టము వచ్చినది. ఈ సంఖ్య పౌరసత్వమునకు రుజువు కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతము ప్రాథమికహక్కని తీర్పు చెప్పినది. 2018 సెప్టెంబరు 26న అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు ఆధార్ చట్టమును నిలిపి, ప్రైవేటు సంస్థలు దానిని కోరు అవకాశమును కొట్టివేసినారు. న్యాయమూర్తి చంద్రచూడ్ భిన్నాభిప్రాయము వ్రాసినాడు. ఇష్టముతో ఇచ్చు ముద్రకును, బియ్యము కొరకు ఇచ్చు ముద్రకును గల భేదమును గూర్చి జోహాన్నెస్‌బర్గులో పుట్టిన ప్రశ్నయే ఢిల్లీలో న్యాయభాషలో వినబడినది.

ఈ పద్ధతివలన మేలు కలుగలేదనుట సత్యము కాదు. అవిభక్త ఆంధ్రప్రదేశమున ఉపాధిహామీ కూలిని, పింఛనులను వ్రేలిముద్రలు గల స్మార్టుకార్డులద్వారా చెల్లించినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ పరిశోధించి, డబ్బు త్వరగా చేరినదనియు, మధ్యలో జారిపోవునది తగ్గినదనియు 2016లో ప్రకటించినారు. అక్కడ బ్యాంకు తరపు మనిషి ఊరికి వచ్చెడివాడు. యంత్రము పలుకనప్పుడు ముద్ర లేకుండనే కూలి ఇచ్చు వెసులుబాటును ఉండెను. ఝార్ఖండున రేషను దుకాణములలో ఆధార్ పరీక్షను వారే పరిశీలించగా, మోసము తగ్గిన జాడ కనబడలేదు. కార్డును ఆధార్‌తో జతపరచుకొనలేని అర్హులకు అందవలసినది తగ్గినది. పరీక్షించు పద్ధతి ఎంత ముఖ్యమో, పరీక్ష తప్పినప్పుడు ఏమి చేయవలెనను నియమము అంతకంటె ముఖ్యమని దీనివలన తేలుచున్నది.

పరీక్ష తప్పుట అరుదు కాదు. 2016-17 ఆర్థికసర్వేలో ఉదాహరించిన అంచనాల ప్రకారము ముద్రలు సరిపడక విఫలమైనవి కృష్ణాజిల్లాలో నూటికి 5, గుజరాతులో 6, రాజస్థానమున 37, ఝార్ఖండున 49. రాళ్లు కొట్టువాని వ్రేళ్లు, బట్టలుతుకువాని వ్రేళ్లు, ముదుసలి వ్రేళ్లు అరిగిపోవును. ముద్ర మారదని హెర్షెల్ కనుగొన్నది నిజమే. కాని అది అరుగును. ఏ వ్రేళ్లు జీవితమంతయు పనిచేసినవో, ఆ వ్రేళ్లనే యంత్రము ఎరుగననుచున్నది. 2017 అక్టోబరులో కేంద్రప్రభుత్వము, ఆధార్ లేదన్న కారణముచే ఎవరికిని రేషను నిరాకరింపరాదని రాష్ట్రములకు ఉత్తరువులు పంపినది. సంఖ్య ఇంకను రానివారికి ప్రత్యామ్నాయము చూపవలెనని 2016 చట్టములోనే ఉన్నది. నియమము పుస్తకమున ఉన్నది. దానిని దుకాణము గుమ్మము దాక తీసికొనిపోవలసియున్నది.

శాకుంతలమున మరియొక చిన్న విషయము ఉన్నది. ఉంగరము దొరకిన జాలరిని రక్షకభటులు మొదట దొంగయని పట్టి, చేతులు కట్టి, కొట్టినారు. రాజముద్ర గల ఉంగరము వానివంటి పేదవానికెక్కడిదని వారి అనుమానము. సత్యమును వెలికి తెచ్చినవాడే ముందుగా దొంగయైనాడు. రాజు చెంతకు ఉంగరము పోయిన తరువాతనే వాని కట్లు విప్పినారు, బహుమానమిచ్చినారు. ఆనవాలు అడుగు హక్కు ప్రభుత్వమునకు ఉన్నది. దొంగముద్రలు లోకమున ఉన్నంతకాలము అడుగకతప్పదు. కాని ఆనవాలు చూపలేనివాడెల్ల దొంగ కాడు. ఉంగరము దొరకినదాక శకుంతల ఎక్కడ ఉండవలెను, ఏమి తినవలెను అను ప్రశ్నకు దుష్యంతుని కొలువు సమాధానము చెప్పలేకపోయినది. ఆ సమాధానము చెప్పగలిగిన నాడే ఏ గుర్తింపు పద్ధతియైనను పూర్తియైనదగును.